సున్నా కదలకూడదు

మంచి డ్రాఫ్ట్స్‌మన్ చేతికి పరాయి ఆఫీసు డ్రాయింగు వచ్చినప్పుడు గమనించండి. గోడల జోలికీ గదుల జోలికీ పోడు. ముందు యూనిట్లు చూస్తాడు, మిల్లీమీటర్లా మీటర్లా అని. తర్వాత ఐడీ అని టైపు చేసి, తనకు తెలిసిన సర్వే రాయి మీదో గ్రిడ్ గీతల కూడలి మీదో నొక్కుతాడు. తెర అడుగున మూడు అంకెలు వస్తాయి: తూర్పు, ఉత్తరం, ఎత్తు. సర్వే రిపోర్టులోని అంకెలతో అవి పొల్లుపోకుండా కలిస్తేనే పని మొదలవుతుంది. కలవకపోతే ఫోను తీసి పంపినవాళ్ళను అడుగుతాడు. అరనిమిషం పట్టే ఈ పనిలో ఎంత విద్య ఉందో మనం గుర్తించలేదు. రంగుల త్రీడీ బొమ్మ గీసినవాళ్ళకు చప్పట్లు కొడతాం. ఆ బొమ్మ నేల మీద సరైన చోట నిలబడేలా చూసినవాళ్ళ పేరు టైటిల్ బ్లాకులో పొడి అక్షరాలుగా మిగిలిపోతుంది.

ఒక ఆసుపత్రి కడుతున్నారంటే సర్వే డ్రాయింగు ఒకరిది, ఆర్కిటెక్టు ప్లాను ఒకరిది, పునాదులు, పైపులు, కరెంటు తలా ఒక ఆఫీసువి. వీటిని ఒకదాని కింద ఒకటి పరిచి చూడటానికి ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌రెఫ్ ఉంది. 1990లో వచ్చిన రిలీజ్ 11తో మొదలైంది. అసలు ఫైలు దాని యజమాని దగ్గరే ఉంటుంది, మన డ్రాయింగులో దాని నీడ మాత్రం కనిపిస్తుంది. అక్కడ మారితే ఇక్కడా మారుతుంది. ఈ ఫైళ్ళన్నిటినీ కలిపి ఉంచేది ఒక్కటే, అందరూ ఒప్పుకున్న సున్నా. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు కట్లు కట్టి రంగు వేసేటప్పుడే పువ్వు ఎక్కడ పడాలో తేలిపోతుంది, మగ్గం మీద దిద్దుకునే వీలుండదు. ఇదీ అంతే.

చరిత్ర గురించి రెండు ముక్కలు. అక్షాల మీద అంకెలతో చోటు చెప్పే పద్ధతి గణితవేత్త డెకార్ట్ 1637 నాటి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. కప్పు మీద పాకే ఈగను చూసి తట్టిందని ఓ కథ చెబుతారు. మన దేశపు పటానికి సర్వేయరు లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ ఆధారరేఖ కొలవడం మొదలుపెట్టాడు. తర్వాత వేల మైళ్ళు నడిచిన ఆ సర్వే ఎక్కడికక్కడ కొత్తగా మొదలు కాలేదు, ఒక త్రిభుజాన్ని పక్క త్రిభుజంతో కట్టుకుంటూ పోయింది. 1808లో తంజావూరు గుడి మీదికి ఎత్తుతుండగా కోణాలు కొలిచే అరటన్ను థియోడొలైటు దెబ్బతింటే, ఆయన డేరాలో కూర్చుని దాన్ని తన చేతులతోనే సరిచేసుకున్నాడు. ఆర్కాటు నుంచి వచ్చిన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్ తర్వాతి తరంలో ఆ పరికరాలకు ప్రాణం పోశాడు.

ఈ విద్య ఎంత దూరం పోగలదో చూడాలంటే ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సముద్రం కింద తవ్విన సొరంగాన్ని చూడాలి. ఎవరి పటం వాళ్ళకుంది, ఎవరి సున్నా వాళ్ళకుంది. సర్వేయర్లు ఆ రెంటినీ పక్కనపెట్టి సొరంగానికంటూ ఉమ్మడి గ్రిడ్ కట్టుకున్నారు. 1990 డిసెంబరు 1న రెండు వైపుల తవ్వకం కలిసేసరికి తేడా అడ్డంగా 358 మిల్లీమీటర్లు, ఎత్తులో 58. సముద్రం కింద 38 కిలోమీటర్ల సొరంగమది! స్విట్జర్లాండువాళ్ళు 2010లో 57 కిలోమీటర్ల గొట్‌హార్డ్ సొరంగంలో దీన్ని కూడా మించిపోయారు: అడ్డంగా 8 సెంటీమీటర్లు, ఎత్తులో ఒకటి. ఈ అంకెలు ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఎత్తుకూ సున్నా ఉంటుందని మరిచిపోతే ఏమవుతుందో 2003లో లాఫెన్‌బర్గ్ దగ్గర రైన్ నది మీద తేలింది. జర్మనీ సముద్రమట్టానికీ స్విట్జర్లాండు సముద్రమట్టానికీ 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజనీర్లకు ముందే తెలుసు. కానీ దిద్దుబాటులో కూడికకు బదులు తీసివేత పడింది. వంతెన రెండు వైపులూ 54 సెంటీమీటర్ల తేడాతో ఎదురుబొదురయ్యాయి.

ఇక పనితనం. ఎక్స్‌రెఫ్ తెచ్చే ముందు నిపుణులు యూసీఎస్‌ను, అంటే తాము గీసే అక్షాలను, వరల్డ్‌కు తిప్పుతారు. అది వేరే చోట తిరిగి ఉంటే వచ్చే డ్రాయింగు కూడా దానితో పాటే తిరిగి కూర్చుంటుంది. చొప్పించే బిందువు సున్నా, సున్నా, సున్నా. స్కేలు ఒకటి. తిప్పుడు సున్నా. తెర మీద చోటు చూపమనే టిక్కు తీసేస్తారు. ఇన్ని చేసినా డ్రాయింగు పక్కకు పడిందంటే, వచ్చిన ఫైలులో ఎవరో బేస్ పాయింటు మార్చి ఉంటారు. కంటికి కనబడని దొంగ అది. వెయ్యి రెట్లు పెద్దదిగానో చిన్నదిగానో వచ్చిందంటే యూనిట్ల గుర్తు తప్పు. ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు గీతలు తీసుకెళ్ళేటప్పుడు పేస్ట్ టు ఒరిజినల్ కోఆర్డినేట్స్ తప్ప ఇంకో పేస్టు వాడనివాళ్ళను నేను చూశాను. వాళ్ళకు దండం పెట్టాలి. ప్లాను వాలుగా ఉండి గీయడం కష్టమైతే వాళ్ళు డ్రాయింగును తిప్పరు, తాము చూసే కోణాన్ని తిప్పుకుంటారు. ఎక్స్‌రెఫ్‌ను అటాచ్ చేస్తే మన ఫైలు వాడుకున్నవాళ్ళ డ్రాయింగులోకి మన కింద ఉన్నవన్నీ గొలుసుగా పోతాయి, ఓవర్‌లే అయితే పోవు. నేను ఓవర్‌లే పక్షం.

భవనాల నమూనాలు కట్టే రెవిట్‌లో మూడు బిందువులు: లోపలి మూలం, ప్రాజెక్టు బేస్ పాయింటు, సర్వే పాయింటు. భవనాన్ని లోపలి మూలానికి దగ్గరగా కట్టి, అసలు చోటును సైటు డ్రాయింగు నుంచి అక్వైర్ కోఆర్డినేట్స్‌తో తెచ్చుకోవడమే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉత్తమ విద్య. సెంటర్ టు సెంటర్ అనే మీట ఎందుకు పెట్టారో గానీ, దాన్ని నొక్కినవాడు బొమ్మ నడుమను బొమ్మ నడుమతో కలుపుతాడు. ఆ రెండు నడుములకూ భూమితో ఏ చుట్టరికమూ లేదు.

భవనాన్ని మూలానికి దగ్గరగా ఎందుకుంచాలంటే, కంప్యూటరుకూ హద్దుంది. భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో చోటు చెప్పే యూటీఎం లెక్కలో హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరంగా 19 లక్షల మీటర్ల పైన ఉంటుంది. ఆర్కిటెక్టు మిల్లీమీటర్లలో గీస్తే అది 190 కోట్లు దాటుతుంది. ఆటోక్యాడ్ లోపలి లెక్క 15 అంకెల దాకా నమ్మదగినదే. తెర మీద బొమ్మ చూపే గ్రాఫిక్స్ లెక్క మాత్రం తరచు ఏడంకెల దగ్గర ఆగిపోతుంది. వృత్తాలకు మూలలు తేలతాయి, హాచింగు చెదురుతుంది. దీనికి మందు: రెండు గుండ్రటి అంకెలు ఎంచుకుని, ప్రాజెక్టులో అందరూ అవే తీసివేసి, ఆ అంకెలను ప్రతి షీటు మీదా రాసిపెట్టడం. ఎవరికి వారు తమకు తోచినంత తీసివేసుకుంటే మాత్రం మందే విషమవుతుంది.

మన నేలలో ఈ పని ఇంకా కష్టం. ఆంధ్రప్రదేశ్ మూడు యూటీఎం జోన్లలో పడుతుంది: అనంతపురం, ఆదోని 43లో, విజయవాడ, విశాఖ 44లో, పలాస, ఇచ్ఛాపురం 45లో. తెలంగాణలో హైదరాబాదు 44, జహీరాబాదు 43. ప్రతి జోనూ తన నడిమి రేఖకు తూర్పు అంకె 5 లక్షలనే ఇస్తుంది కాబట్టి, జోను రాయని కోఆర్డినేటు ఊరి పేరు లేని చిరునామాయే. పైగా గ్రిడ్ మీద కిలోమీటరు నేల మీద కిలోమీటరు కాదు. విజయవాడలో గ్రిడ్ దాదాపు 38 సెంటీమీటర్లు తక్కువ చూపుతుంది, హైదరాబాదులో సుమారు 40 ఎక్కువ. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ గోళాభం మీద గీసినవి, జీపీఎస్ చెప్పేది డబ్ల్యూజీఎస్ 84. ఒకదాని మీద ఒకటి నేరుగా వేస్తే వంద మీటర్లకు మించి తేడా వస్తుంది. పొలాల కొలతల పుస్తకాల్లోని (ఎఫ్ఎంబీ) స్కెచ్‌లు మరో లోకం. సర్వే రాయి నుంచి రాయికి జీ-లైను అనే ఆధారగీత పట్టి, దాని నుంచి అటూ ఇటూ లంబదూరాలు కొలిచి గీసిన ఆ కాగితాలంటే నాకు వల్లమాలిన అభిమానం. 66 అడుగుల గొలుసుతో, ఎర్రటి ఎండలో, అంత శుభ్రంగా! కానీ ప్రతి స్కెచ్‌కూ దాని సున్నా దానిదే. వాటిని క్యాడ్‌లోకి తెచ్చి, మూడు ఊళ్ళ హద్దులు కలిసే రాళ్ళను నేల మీద వెతికి పట్టుకుని, వాటి అసలు కోఆర్డినేట్ల మీద స్కెచ్‌లను కూర్చే సర్వేయర్లున్నారు. అలైన్ కమాండు స్కేలు మార్చమంటావా అని అడిగితే వద్దంటారు. రెండు రాళ్ళ నడుమ దూరం కలవలేదంటే సాగదీయరు, మళ్ళీ పొలానికి వెళ్ళి కొలుస్తారు. దాన్ని మించిన నిజాయితీ ఈ వృత్తిలో నాకు కనబడలేదు.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. షీటుకింత అని రేటు కట్టి, రాత్రికి రాత్రి యాభై షీట్లు కావాలంటున్నారు. పీడీఎఫ్‌ను డ్రాయింగుగా మార్చి పంపుతున్నారు, అందులో కోఆర్డినేటు అన్న మాటే ఉండదు. ఉపగ్రహ చిత్రాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాని మీద రోడ్లు గీసి సర్వే అంటున్నారు. ఇక అన్నిటికీ మించిన పాపం, మూవ్ కొట్టి కంటిచూపుతో సరిపెట్టడం. వచ్చిన డ్రాయింగు కలవలేదు. ఎందుకు కలవలేదని అడిగేవాడు లేడు. పట్టి లాగి గోడ మీద గోడ పెట్టేస్తారు. వారం తర్వాత సవరించిన ఫైలు వస్తుంది, మళ్ళీ లాగుతారు, ఈసారి ఇంకో చోటికి. ఆ అంకెలతోనే టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరం పెట్టి పునాది పైళ్ళకు గుర్తులు పెడతారని ఎవరికీ పట్టదు. తెర మీద జరిపిన 30 సెంటీమీటర్లు సైటులో కాంక్రీటయ్యాక మూవ్ కమాండు లేదు. ఆ నింద చివరికి మేస్త్రీ మీద పడుతుంది. ఆర్కిటెక్టులకు కోపం వచ్చినా సరే, ఈ తగవులో నేను సర్వేయర్ల వైపే. భవనం మూలను సున్నా చేసుకోవడం మీ సౌకర్యం. రాయి అంతకుముందే అక్కడుంది.

పని అప్పగించేవాళ్ళను చేతులు జోడించి అడుగుతున్నాను. జోను, డేటమ్ (ఎవరెస్టా డబ్ల్యూజీఎస్ 84ఆ అన్నది), తీసివేసిన రెండు అంకెలు, ఎత్తుకు ఆధారమైన బెంచ్‌మార్కు పని ఒప్పందం మొదటి పేజీలోనే రాయించండి. సైటులో దూరదూరంగా ఉన్న రెండు రాళ్ళ కోఆర్డినేట్లు ప్రతి డ్రాయింగులోనూ ఒక ప్రత్యేక లేయరులో ఉండాలని పట్టుబట్టండి. ఆ రెండు గుర్తులూ కలవని ఫైలును, అది ఎంత పేరున్న ఆఫీసు నుంచి వచ్చినా, తెరిచిన గంటలోనే వెనక్కి పంపండి. వెనక్కి పంపిన డ్రాఫ్ట్స్‌మన్‌ను ఆలస్యం చేశాడని తిట్టకండి.