థిన్నర్ ముట్టని చెయ్యి
విజయవాడ ఆటోనగర్‌లో కార్ల లోపలిభాగం శుభ్రంచేసే పనివాళ్ల ఓర్పంటే నాకెంతో గౌరవం. గోడకు వేసే ఎమల్షన్ చుక్కలు డాష్‌బోర్డు మీద ఎండిపోయిన బండి వస్తే, పని తెలిసినవాడు థిన్నర్ డబ్బా జోలికే వెళ్లడు. థిన్నర్, అసిటోన్ తగిలితే ఏబీఎస్ ప్లాస్టిక్ మెత్తబడి కరుగుతుంది. రంగుతోపాటు ప్లాస్టిక్ మీది సన్నని గరుకూ పోతుంది. అది మళ్లీ రాదు.

ముందు గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచిన గుడ్డ వేసి నానబెడతాడు. లొంగకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అదీ కనపడని మూల పరీక్షించాకే. తలుపులు బార్లా తీసి, గుడ్డకు కాస్త అద్ది, రుద్దకుండా ఒత్తిపెడతాడు. మెత్తబడ్డ పొరను ప్లాస్టిక్ పలకతో అంచునుంచి లేపుతాడు. బ్లేడు పట్టడు. గీతల్లో ఇరుక్కున్నదానికి మెత్తటి టూత్‌బ్రష్. ఇంత నేర్పుకి బేరమాడటం నాకు నచ్చదు. పనయ్యాక ఆ చుక్క ఎక్కడుండేదో బండి యజమానే వెతుక్కోవాలి.