చిన్నరీ చిత్రించిన హైదరాబాదు బిడ్డలు

తైలవర్ణ ప్రతికృతి యనగానే మనకు రవివర్మ స్మరణకు వచ్చుట పరిపాటి. ఆయన జననమునకు (1848) నలువది మూడేండ్లు పూర్వమే, 1805లో, హైదరాబాదు బిడ్డ లిద్దరు చెన్నపట్టణమున జార్జి చిన్నరీ యను ఆంగ్ల చిత్రకారుని కుంచె కెక్కిరి. వీరు బ్రిటిషు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్‌నకును ఖైరున్నీసా బేగమునకును కలిగిన సంతానము. అన్న సాహెబ్ ఆలం నాలుగేండ్లవాడు, చెల్లెలు సాహెబ్ బేగం మూడేండ్లది. ఇంగ్లండునకు ఓడ యెక్కుటకు ముందు వ్రాసిన చిత్రమిది.

బాలుడు ఎఱ్ఱని జరీ జామాతో, ముత్యాల పేరులతో మెట్లపై నిలిచి మనవైపు తిన్నగా చూచుచున్నాడు. ఆ నిలుకడలో దర్బారు మర్యాద యున్నది. ఒక మెట్టు పైనున్న చెల్లెలు అన్న భుజముపై చేయి వేసి కన్నులు దించుకొన్నది.

ఆ కన్నులలో వియోగదుఃఖమును చదువుట వ్యాఖ్యాతల వాడుక. ఇందు కొంత జాగ్రత్త యవసరమని మేము తలంతుము. తండ్రి ఆ 1805 అక్టోబరులోనే కలకత్తాలో మరణించెననియు, 1806 మార్చిలో లండనున వీరికి జ్ఞానస్నానమై విలియం జార్జి, కేథరిన్ అరోరా అను పేర్లు స్థిరపడెననియు, 1813లో కన్నుమూసిన తల్లి వీరిని మఱల చూడనే లేదనియు మనము ముందే యెఱిగియున్నాము. ఎఱిగిన కథను రంగులలో వెదకి, దొరికినదని తృప్తిపడుట విమర్శ కానేరదు. మూడేండ్ల పిల్ల నిలిచి నిలిచి విసిగియు తల వంచవచ్చును గదా!

కథ నంతయు మఱచి చూచినను ఆ చేయి మిగులును. జామా, ముత్యములు, మెట్లు హోదాను చెప్పునవి. కొలువు చిత్రములం దెచటనైన దొరకును. చేయి హోదాను చెప్పదు. పెద్దవాడు చిన్నదానిని పట్టుకొనలేదు, చిన్నదే పెద్దవానిని పట్టుకొన్నది. అన్న చూపులోని ధైర్యమునకు ఆ స్పర్శ ఆధారమో, భారమో చిత్రకారుడు తేల్చలేదు. వాస్తవికత యనదగినది మాకు ఇచటనే కనబడుచున్నది. (మన ప్రబంధములలో శైశవవర్ణన తఱచుగా నగలతో మొదలై నడకతో ముగియును, ఇరువురు పిల్లల నడుమ భేదమును పట్టుటకు కవులకు తీఱిక తక్కువ.)

గూడూరున నుండి అచ్చుప్రతులపై ఆధారపడు మేము వర్ణములనుగూర్చి తీర్పు చెప్పబూనము. మూలచిత్రము హాంగ్‌కాంగ్ అండ్ షాంఘై బ్యాంకు సొత్తు. అంతకు పూర్వము చాలకాలము అది హెన్రీ రస్సెల్ వద్ద నుండెను. పెరిగి పెద్దయైన కేథరిన్ ఇంగ్లండున ఆయన యింట దానిని చూచినది. పిదప ఆయన మరణశాసనము ననుసరించి అది ఆమెకే చేరినది. అప్పటికి, 1828లో గతించిన అన్న లేడు.