కథానికయందు పూర్వసూచన - ఉత్కంఠ

కథానికలో ఉత్కంఠ యెట్లు పుట్టునన్న ప్రశ్నకు, జరుగబోవుదానిని దాచుటవలననే యని సాధారణముగా సమాధానము చెప్పుచుందురు. ఈ సమాధానము సగమే సత్యమని మా యభిప్రాయము. ఏమియు తెలియని పాఠకుడు ఆశ్చర్యపడగలడు గాని భయపడలేడు. భయపడుటకు కొంత తెలిసియుండవలెను. ఆ కొంత తెలుపుటయే పూర్వసూచన.

మన యాలంకారికులకు ఈ విషయము క్రొత్త గాదు. రాబోవు వస్తువును అన్యోక్తిరూపమున సూచించుట పతాకాస్థానకమని ధనంజయుడు దశరూపకమున చెప్పెను. ఐతే నాటకమునందు కథ ప్రేక్షకునకు తరచుగా ముందే తెలిసినది. కథానికలో అది తెలియదు; నిడివియు స్వల్పము. కావున ఇచట సూచనకు పని రెట్టింపు. మొదటి పఠనమున అది సహజవస్తువుగా కనబడవలెను. కథ ముగిసిన పిదప సూచనగా తేలవలెను.

దీనికి కథల వెలుపలి యుదాహరణ మొకటి చూపుదుము. అచ్చంపేట దాటిన పిమ్మట నల్లమలలో అమ్రాబాదు పీఠభూమి కలదు. అచటి చెంచులు కొండచరియ తేనెపట్టును దించునపుడు ఒకడు త్రాటిపై వ్రేలాడును. పైన త్రాడు పట్టువాడు అతని భార్యకు సోదరుడై యుండవలెనను ఆచారము కలదని చెప్పుదురు. తోబుట్టువు పసుపుకుంకుమలకై అతడు త్రాడు విడువడని దాని భావము. దీనిని కథగా చెప్పువాడు బావకును బావమరదికిని నడుమ చిన్న మాటపట్టింపు నొకదానిని మొదటనే యుంచిన చాలును. త్రాడు తెగునని చెప్పనక్కరలేదు. పట్టిన చేతిని గూర్చిన యెరుకయే మనలను నిలువనీయదు. ఆ త్రాడు మనిషిని మోయుచున్నది గనుక సూచన కృతకము గాదు.

పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన'కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి అంతర్జాతీయ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి లభించినది. అందలి మబ్బును, గాలిని పూర్వసూచనలని విద్యార్థులు వ్రాయుచుందురు. అవి వాతావరణము మాత్రమే. గాలివాన రానున్నదని శీర్షికయే చెప్పినది. నిజమైన సూచన రావుగారి నియమములలో, రైలులో బిచ్చగత్తెను ఆయన తిరస్కరించుటలో నున్నది. అంత గట్టిగా కట్టిన గోడ నిలుచుటకు కట్టినది కాదని మనకు లీలగా తోచును. పిమ్మట మన మెదురుచూచునది తుపానును గాదు, ఆమె యెదుట ఆయన యేమగునో యని. తుదకు శిథిలముల నడుమ ఆమె శవము, చేతిలో ఆయన డబ్బుసంచి కనబడగానే, ఆ తిరస్కారము మరల మనస్సున మెదలి వేరొక యర్థము నిచ్చును.

గురజాడవారి 'దిద్దుబాటు' (1910)లో భార్య కానరాకుండుట, ఉత్తరము సూచనలే. కాని హాస్యము ప్రధానమగుటచే పాఠకుడు గోపాలరావు కంటె ఒక యడుగు ముందుండి వినోదించును. సూచన అదియే, రసమునుబట్టి ఫలము మారినది.

కావున పరిశోధకులకు మేమొక పరీక్ష సూచింతుము. అనుమానించిన సూచనను తొలగించి కథను మరల చదువుడు. లోటు కనబడనిచో అది గుడ్లగూబ కూతవంటి శకునమే. నడిమి ఘట్టము బిగి సడలినచో అది పూర్వసూచన. అట్టిదానిని గుర్తించుట తుదివాక్యమును మెచ్చుకొనుటకంటె కష్టము. కథారచయిత శ్రమ తెలియవచ్చునది మాత్రము అక్కడనే.