ఫ్యాను తిరుగుతోందా?

మ్యాటర్ ప్రమాణంలో ఫ్యాను గురించి రాసిన అధ్యాయం తెరిస్తే రెండు పేర్లు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. ఒకటి పర్సెంట్ సెట్టింగ్, ఇంకోటి పర్సెంట్ కరెంట్. మొదటిది మనం అడిగిన వేగం. రెండోది ఫ్యాను ఈ క్షణాన తిరుగుతున్న వేగం. ఫోనులోంచి మనం మార్చగలిగేది మొదటిదాన్నే. రెండోదాన్ని మనం చదవగలం గానీ రాయలేం, ఆ హక్కు పరికరానిదే. ఈ ఏర్పాటు అర్థమైన రోజునుంచే స్మార్ట్ హోమ్ పరికరాలు సొంతంగా తయారుచేసుకోవడం మీద నాకు అసలైన మక్కువ పుట్టింది. అంతకుముందు నా ధ్యాసంతా ఎలా ఆన్ చెయ్యాలన్న దాని మీదే ఉండేది. ఆన్ అయిందని ఎవరు చెబుతున్నారు, ఏం చూసి చెబుతున్నారు అన్నది ఇప్పుడు నన్ను కూర్చోబెట్టి పనిచేయిస్తోంది.

మ్యాటర్ పేరు వినని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఏ కంపెనీ బల్బయినా ఏ కంపెనీ యాప్‌తోనైనా మాట్లాడగలిగేలా ఒక ఉమ్మడి పద్ధతి రాస్తామని 2019 డిసెంబరులో అమెజాన్, ఆపిల్, గూగుల్, జిగ్‌బీ అలయన్స్ కలిసి ప్రకటించాయి. 2021లో జిగ్‌బీ అలయన్స్ తన పేరును కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్‌గా మార్చుకుంది, ఆ పద్ధతికి మ్యాటర్ అని పేరు పెట్టింది. 1.0 వెర్షను 2022 అక్టోబరులో వచ్చింది. పరికరం వైఫై మీద ఉండొచ్చు, ఈథర్నెట్ మీద ఉండొచ్చు, బ్యాటరీతో నెలల తరబడి నడిచే చిన్న సెన్సర్ల కోసం పుట్టిన థ్రెడ్ అనే రేడియో నెట్‌వర్క్ మీదా ఉండొచ్చు. ఏ దారిలో వచ్చినా మాట్లాడే పద్ధతి ఒకటే, మాట్లాడుకునేది ఇంటి నెట్‌వర్క్‌లోనే. దాని అమలు కోడ్ అపాచీ 2.0 లైసెన్సు కింద గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి ఉంది.

ఇంటి నెట్‌వర్క్‌లోనే అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. అమెరికాలో రివాల్వ్ అని ఒక హబ్ ఉండేది, ధర 300 డాలర్లు. దాన్ని చేసిన కంపెనీని నెస్ట్ అనే ఇంకో సంస్థ కొనేసింది. 2016 మేలో సర్వర్లు ఆపేశారు, డబ్బు పెట్టి కొన్నవాళ్ల ఇళ్లలో ఆ హబ్ ఎందుకూ పనికిరాకుండా పోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే మరో కంపెనీ సర్వర్లు ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా ఆగిపోయాయి. అక్కడ కథ కొంచెం మంచి మలుపే తిరిగింది, వాడకందారులే కొందరు కలిసి ఆ కంపెనీని కొని సర్వర్లను మళ్లీ లేపారు. ఎవరి ఇంట్లో దీపం వెలగాలన్నా ఎక్కడో ఉన్న సర్వరు అనుమతి కావాలి అన్న పద్ధతిని నేను ఒప్పుకోలేను. ఆ పట్టుదలే నన్ను కోఠి గుజరాతీ గల్లీకి నడిపించింది.

ఆ గల్లీలో రిలేలు, రెసిస్టర్లు, జంపర్ వైర్లు, టెర్మినల్ బ్లాకులు అన్నీ దొరుకుతాయి. బోర్డు మాత్రం ముందే ఏదో తేల్చుకుని వెళ్లాలి. నేను ఎంచుకున్నది ఈఎస్పీ32-సీ6. షాంఘై కంపెనీ ఎస్ప్రెసిఫ్ చేసిన చిప్ అది. వైఫై 6, బ్లూటూత్ లో ఎనర్జీ, థ్రెడ్‌కు కావలసిన రేడియో మూడూ ఒక్క చిప్‌లోనే ఉన్నాయి. 160 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 512 కిలోబైట్ల మెమరీ. ఇంత చిన్న చోటులో ఇంత పెద్ద ప్రమాణం పట్టడం చూస్తే, దాన్ని రాసిన ఇంజినీర్ల మీద గౌరవం కలుగుతుంది. ఆర్డుయినో అలవాటున్న వాళ్లకు అందులోనే మ్యాటర్ లైబ్రరీ ఉంది. నేను ఎస్ప్రెసిఫ్ వాళ్ల ఈఎస్పీ-మ్యాటర్ కిట్‌తో మొదలుపెట్టాను. మొదటిసారి కోడ్ కంపైల్ కావడానికి చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టాలి.

కోడ్ రాసేముందు చేయవలసిన పని ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అదే. పరికరం ఏమిటో ముందు మాటల్లో పెట్టుకోవాలి. మ్యాటర్ లెక్కలో పరికరం ఒక నోడ్. ఒక మేడలో పోర్షన్లున్నట్టు నోడ్‌లో ఎండ్‌పాయింట్లుంటాయి. సున్నా నంబరుది పరికరం తన సొంత వివరాలు చెప్పుకోడానికి. మిగతావి చేసే పనులకు: ఒకదానిలో ట్యూబ్‌లైటు, ఒకదానిలో ఫ్యాను. ప్రతి ఎండ్‌పాయింట్‌లో క్లస్టర్లు, ప్రతి క్లస్టర్‌లో మూడు రకాల సరుకు: స్థితిని చెప్పే అట్రిబ్యూట్లు, పని చెప్పే కమాండ్లు, జరిగినదాన్ని చాటే ఈవెంట్లు. ఇదంతా ఎప్పుడో ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టారు. మనం కొత్తగా పేర్లు కల్పించనక్కర్లేదు. ఆ అధ్యాయాలు చదువుతూ మన ఫ్యానును అందులో వెతుక్కోవడమే.

మన రెగ్యులేటరుకు అయిదు మెట్లు. ఫోను అడిగేది శాతంలో. 50 శాతం అంటే ఎన్నో మెట్టు? ప్రమాణమే తేల్చింది: మొత్తం మెట్లలో అంత శాతం ఎంతో లెక్కగట్టి, భిన్నం వస్తే పై అంకె తీసుకోవాలి. అయిదులో 50 శాతం రెండున్నర, అంటే మూడో మెట్టు. 41 అన్నా మూడే, 60 అన్నా మూడే. ఈ లెక్క అన్ని కంపెనీల యాప్‌లకూ ఒక్కటే కాబట్టి, ఎవరి ఫోనులో చూసినా మా హాలు ఫ్యాను మూడులోనే కనిపిస్తుంది.

ఇక ఫ్యాను నిజంగా తిరుగుతోందని పరికరానికి ఎలా తెలియాలి? రిలే పడింది కాబట్టి తిరుగుతోందని అనుకోవడం సులువు. చాలా నమూనా కోడ్‌లు అంతటితో ఆగుతాయి, సెట్టింగ్‌లో వచ్చిన అంకెనే కరెంట్‌లో రాసేస్తాయి. నాకది అబద్ధం చెప్పించడంలాగే అనిపిస్తుంది. పాతరకం సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. 230 వోల్టుల దగ్గర అంటే ఆంపియరులో మూడో వంతు. బజారులో తేలిగ్గా దొరికే ఏసీఎస్712 సెన్సరులో అయిదు ఆంపియర్ల రకం ఆంపియరుకు 185 మిల్లీవోల్టులు ఇస్తుంది. మన ఫ్యానుకు వచ్చేది 60 మిల్లీవోల్టుల చిలుకు. ఈఎస్పీ చిప్ కొలతలో ఉండే గలభాలో ఆ కాస్త సంకేతం మునిగిపోతుంది. అందుకని కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు వైపు వెళ్లాను. దాని రింగులోంచి ఫేజ్ వైరు ఒక్కటే పోవాలి. న్యూట్రల్ కూడా కలిసి పోతే ఒకదాని ప్రభావం ఇంకోటి కొట్టేసి సున్నా చూపిస్తుంది. వైరును రింగు చుట్టూ మూడు చుట్లు తిప్పితే కొలత మూడింతలవుతుంది. ఆ చుట్లు తిప్పాక తెరమీద అంకె నిలకడగా నిలబడడం చూస్తే కలిగే తృప్తి, యాప్‌లో బొమ్మ నొక్కితే వచ్చేది కాదు.

ఈ కొలత చెప్పేదీ పూర్తి నిజం కాదు. బేరింగు పట్టేసి రెక్కలు ఆగినా కాయిల్లోకి కరెంటు పోతూనే ఉంటుంది. బీఎల్‌డీసీ ఫ్యానయితే లోపలి కంట్రోలరుకు మోటారు తిరిగిన సంగతి తెలుస్తుంది, పాతరకం ఇండక్షన్ ఫ్యానుకు ఆ వసతి లేదు. కాబట్టి నా పరికరం చెప్పేది ఇంతే: కరెంటు పోతోంది, ఫలానా మెట్టులో ఉన్నాను.

స్విచ్‌బోర్డు లోపలి పని నేను చెయ్యను. మా ఎలక్ట్రీషియను ఆ గీత మొదట్లోనే గీశారు. "మేడమ్, బోర్డులోకి నేనెళ్తా. మీరు అయిదు వోల్టుల వైపే ఉండండి," అన్నారు. ఆ మాట నేను తు.చ. తప్పకుండా పాటిస్తాను, ఈ కాలమ్ చదివి ఉత్సాహపడే వాళ్లనూ పాటించమంటాను. ఫ్యాను మెట్లకు వాడే కెపాసిటర్లు ఎంసీబీ దించాక కూడా చార్జి పట్టుకుని ఉండొచ్చు. దాన్ని ఖాళీ చేసే రెసిస్టరు అడ్డంగా ఉండి తీరాలి. మన ఇళ్లలో ఒక వెసులుబాటుంది. స్విచ్‌బోర్డులోనే ప్లగ్ పాయింటు కూడా ఉంటుంది కాబట్టి న్యూట్రల్ వైరు మామూలుగా అక్కడికి వచ్చే ఉంటుంది. అమెరికా పాత ఇళ్లలో చాలాచోట్ల స్విచ్ దగ్గర న్యూట్రలే దొరకదు, వాళ్ల తిప్పలు వేరు.

మా అత్తయ్య పెట్టిన షరతు ఒక్కటే. "అమ్మాయ్, నువ్వు ఊళ్లో ఉన్నా లేకపోయినా, నెట్టున్నా పోయినా, నా స్విచ్చు నాకు పనిచెయ్యాలి." ఇంతకన్నా మంచి డిజైన్ సూత్రం నాకెవరూ చెప్పలేదు. గోడ స్విచ్‌ను తీసేయకుండా దాన్ని చిప్‌కు ఇన్‌పుట్‌గా ఇచ్చాను. ఆవిడ నొక్కగానే చిప్ రిలేను మారుస్తుంది, కొలత చూస్తుంది, ఆ తర్వాత అట్రిబ్యూట్‌లో రాస్తుంది. ఆ అట్రిబ్యూట్‌కు చందా కట్టి కూర్చున్న ప్రతి ఫోనుకూ, హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న కంప్యూటరుకూ కబురు వెళుతుంది. రౌటరు ఆగినా మొదటి మూడు పనులూ జరుగుతాయి, కబురు ఒక్కటే ఆగుతుంది. ఆ చందాకు ఒక గరిష్ఠ వ్యవధి కూడా ఉంది. మార్పేమీ లేకపోయినా అంత సమయంలోగా పరికరం ఒకసారి పలకరించాలి. పలకరించకపోతే స్పందన లేదని యాప్ చూపిస్తుంది. పాత స్థితినే పట్టుకుని ఆన్‌లో ఉందని చూపిస్తూ కూర్చోదు.

కరెంటు కోతల మధ్య పెరిగిన మనకు వెంటనే తట్టే ప్రశ్న: పోయిన కరెంటు తిరిగొస్తే ఏమవ్వాలి? అర్ధరాత్రి సరఫరా రాగానే ఇంట్లో దీపాలన్నీ భళ్లున వెలిగితే పిల్లలు లేచి కూర్చుంటారు. ప్రమాణంలో దీనికీ చోటుంది. దీపాల కోసం స్టార్ట్‌అప్ ఆన్ ఆఫ్ అనే అట్రిబ్యూట్ పెట్టారు. ఆరి ఉండాలా, వెలగాలా, ముందున్న స్థితికి వ్యతిరేకంగా మారాలా, ముందున్నట్టే ఉండాలా, నాలుగూ చెప్పుకోవచ్చు. పడకగదికి ఆరి ఉండడం, మెట్ల దీపానికి ముందున్నట్టే ఉండడం పెట్టాను. ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన విషయమిది. ఇన్నాళ్లూ దాన్ని ఏదో ఫ్యాక్టరీ మనకోసం తేల్చేసేది.

తెరిచి ఉన్నదంతా పూర్తిగా తెరిచి లేదు, అదీ చెప్పాలి. పరికరాన్ని ఇంట్లో చేర్చుకునేటప్పుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాం, లేదా 11 అంకెల కోడ్ కొడతాం. అప్పుడు పరికరం తన పుట్టుపూర్వోత్తరాల పత్రం ఒకటి చూపాలి. అలయన్స్‌లో డబ్బు కట్టి సభ్యులై, పరీక్షలు నెగ్గిన కంపెనీల వస్తువులకే అసలైన పత్రం దొరుకుతుంది. నాలాంటి వాళ్లకు పరీక్షల కోసమని కేటాయించిన వెండర్ నంబర్లు, నమూనా పత్రాలు ఉన్నాయి. వాటితో కొన్ని యాప్‌లు హెచ్చరించి లోపలికి రానిస్తాయి, కొన్ని డెవలపరుగా నమోదు చేసుకోమంటాయి. ఆ హెచ్చరిక న్యాయమైనదే, ముక్కూమొహం తెలియని వాళ్లు చేసిన డబ్బా గోడలో చేరేముందు ఇంటివాళ్లకు తెలియాలి. కానీ పదిమందికి అమ్ముకుని బతకాలనుకునే చిన్న వర్క్‌షాపుకు ఆ ఖర్చు పెద్ద అడ్డుగోడ. దీనికి అలయన్స్ ఒక దారి చూపాలి. ఒక్క జాగ్రత్త: నమూనా కోడ్‌లలో అందరికీ తెలిసిన పాస్‌కోడ్ 20202021 ఉంటుంది. దాన్ని మార్చకుండా గోడలో బిగించకండి.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది సంపు మోటారు. మ్యాటర్‌లో పంపు క్లస్టర్ చదువుతుంటే మన పల్లెల రైతు ఎవరో పక్కన కూర్చుని చెప్పి రాయించినట్టుంది. సరఫరా వోల్టేజీ తగ్గింది, ఎక్కువైంది, ఒక ఫేజు పోయింది, నీళ్లు లేకుండా తిరుగుతోంది, మోటారు వేడెక్కింది: ప్రతిదానికీ ఒక ఈవెంట్ ఉంది. ఒక ఫేజు పోయినా తెలియక త్రీఫేజ్ మోటారు కాలిపోవడం, రివైండింగ్ షాపుకు మోసుకెళ్లడం మన బోరుబావుల కింద ఎన్నిసార్లు చూశాం! పొలానికి వైఫై అందదు, అక్కడ సిమ్ కార్డు స్టార్టర్లే దిక్కు, మ్యాటర్ ఆ పని తీర్చదు. ఇంటి సంపు సంగతి వేరు, అది గోడ పక్కనే ఉంది.

సంపు అడుగంటితే మోటారు తీసుకునే కరెంటు తగ్గుతుంది. ట్యాంకు నింపేటప్పటి కొలత కన్నా బాగా కిందికి దిగి, కాసేపు అక్కడే ఉంటే డ్రై రన్నింగ్ ఈవెంట్ పంపిస్తాను. ఎంతసేపు అన్నది ఇంకా కొలుస్తున్నాను. మొదలైన వెంటనే పైపులో గాలి ఉన్నప్పుడూ కొలత తక్కువే చూపిస్తుంది కాబట్టి ఆ మొదటి క్షణాలను లెక్కలోకి తీసుకోకూడదు. రిలేతో నేరుగా మోటారును తిప్పే సాహసం చెయ్యడం లేదు. కాంటాక్టరు పెడుతున్నారు మా ఎలక్ట్రీషియను, చిప్ దాని కాయిలునే నడుపుతుంది. కబురు పంపి ఊరుకోవాలా, మోటారును తనే ఆపెయ్యాలా అని చాలా ఆలోచించాను. ఆపెయ్యాలనే నిర్ణయించాను. కబురు అందకపోవచ్చు, ఫోను ఛార్జింగులో ఎక్కడో ఉండొచ్చు, ఈలోగా సీలు కాలిపోతుంది. కోత తర్వాత సరఫరా వచ్చినా మోటారు ఆగే ఉంటుంది. మళ్లీ మొదలుపెట్టడం మాత్రం సంపు మూత తీసి చూసిన మనిషే చెయ్యాలి, మోటారు పక్కన పెడుతున్న బటను నొక్కి. ఆ కోడ్ పూర్తయ్యాక అదే అపాచీ లైసెన్సుతో గిట్‌హబ్‌లో పెడతాను, వైరింగు బొమ్మతో సహా.