నేపుల్సు గుమ్మటపు పొయ్యి

2017వ సంవత్సరము డిసెంబరు మాసమున దక్షిణ కొరియాలోని జెజూ ద్వీపమునందు సమావేశమైన యునెస్కో సంఘము, ఇటలీ దేశమున నేపుల్సు నగరవాసులైన పిజ్జాకారుల విద్యను మానవజాతి సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చెను. పిండి సిద్ధపరచుట మొదలు, కట్టెల పొయ్యిలో రొట్టెను త్రిప్పుచు కాల్చుట వరకు నాలుగు దశలుగా సాగెడి ఆ విద్యతో జీవించువారు ఆ నగరమున సుమారు 3,000 మంది కలరు. ఆ గౌరవము వారికి తగినదే. అయినను ఆ రొట్టె 60 మొదలు 90 సెకనులలో అంచు పొంగి, అడుగున నల్లని మచ్చలు తేలి, నడుమ మెత్తదనము చెడకుండ పక్వమగుటకు కారణము వండువాని నేర్పు ఒక్కటియే కాదు. 485 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవు వేడిమిని గంటల తరబడి తనలో నిలుపుకొని, దానిని అన్ని వైపులనుండి సమముగా వెదజల్లెడి ఇటుకల గుమ్మటము అందు సగము పని చేయుచున్నది. ఆ గుమ్మటమును కట్టిన తాపీవాని విద్యయు అంతటి గౌరవమునకు పాత్రమైనదని నా దృఢ విశ్వాసము.

క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలై బూడిదలో కప్పివేసిన పొంపేయీ నగరమును తరువాతి కాలమున త్రవ్వినపుడు, 30కి పైగా రొట్టెల అంగళ్లు వెలుగు చూచినవి. అగ్నిపర్వత శిలతో చెక్కి, గాడిదలచే త్రిప్పించిన పెద్ద తిరుగళ్లును, వాని ప్రక్కనే ఇటుకలతో కట్టిన గుమ్మటపు పొయ్యిలును నేటికిని అచ్చట నిలిచియున్నవి. 1862లో అట్టి ఒక పొయ్యిలో 81 రొట్టెలు బొగ్గై, ఆకారము చెడకుండ దొరికినవి. పట్టణమంతయు కూలిన విపత్తులో ఆ గుమ్మటములు కూలలేదు. నేడు నేపుల్సు సందులలో మండుచున్న పొయ్యి ఆ వంశమునకు చెందినదే. గుండ్రని నేల, దానిపై గుమ్మటము, ముందు ఒకే ఒక నోరు అను రూపము రెండువేల ఏండ్లలో మారలేదు.

ఆ రూపమే ఏల నిలిచినదనగా, గుమ్మటమున ఇటుకలు చాలవరకు ఒకదానినొకటి ఒత్తుకొనుచు ఉండునే గాని, లాగబడుట తక్కువ. ఒత్తిడిని ఇటుక బాగుగ ఓర్చును. లాగుడును ఓర్చుటలో మాత్రము అది బలహీనము. వరుస సగములో ఉన్నంతసేపు ఇటుకలు జారిపడజూచును గాని, చివరి ఇటుక చేరి చుట్టు పూర్తియైన క్షణమున ఆ వరుస తనంత తాను బిగిసిపోవును. అందుచేత నేర్పరియైన తాపీవాడు లోపల ఏ ఆధారమును పెట్టక, నేల నడుమ తిరుగు కొలతకర్రను ఒకదానిని కీలుతో నిలిపి, దాని కొన తాకినచోట ఇటుకను కూర్చుచు, వరుస వెంట వరుస పైకి పోవును. ఆ నేర్పు లేనివారు తడి ఇసుకను గుమ్మటాకారముగా కుప్పవోసి, దానిపై ఇటుకలు పేర్చి, కట్టడము గట్టిపడిన తరువాత ఆ ఇసుకను నోటిగుండ తవ్వి తీయుదురు. ఇదియు మంచి పద్ధతియే.

ఇక నోటి కొలత. పొయ్యి నోరు గుమ్మటము లోపలి ఎత్తులో నూటికి 63 పాళ్లు ఉండవలెనన్నది పొయ్యిలు కట్టువారు తరతరముల అనుభవముచే నిలుపుకొన్న సూత్రము. అనగా లోపలి ఎత్తు 50 సెంటీమీటర్లైనచో, నోటి ఎత్తు సుమారు 31 లేక 32 సెంటీమీటర్లు. ఈ పొయ్యికి వెనుక రంధ్రము లేదు. చల్లని గాలి నోటి అడుగుభాగమున లోనికి ప్రాకి, నిప్పును చేరి, వేడెక్కి పైకెగసి, గుమ్మటపు లోపలి వంపును ఒరసికొనుచు వచ్చి, అదే నోటి పైభాగమున బయటపడును. నోరు ఎత్తైనచో వేడిమి గాలితో కూడ కొట్టుకొనిపోవును. పొట్టిదైనచో మంట ఊపిరాడక పొగచూరును. పొగగొట్టమును గుమ్మటము నెత్తిన గాక నోటికి ముందు, వెలుపలి కమానులో నిలుపుటకు కారణమును ఇదియే. నెత్తిన నిలిపినచో, పైకెగసిన వేడిగాలి ఇటుకను తాకకమునుపే ఆకాశమున కలిసిపోవును.

పొయ్యి నేల విషయమున నేపుల్సువారి పట్టుదల ప్రశంసింపదగినది. సాధారణమైన అగ్నినిరోధక ఇటుక దట్టమైనది. తన వేడిమిని రొట్టె అడుగునకు త్వరత్వరగా అందించును గనుక, 450 డిగ్రీలకు మించిన వేడిమిలో పైభాగము కాలకమునుపే అడుగు మాడును. సొర్రెంటో సమీపమున మయానో అను గ్రామమున చేతితో పోసి కాల్చెడి మట్టి పలకలు రంధ్రములు గలవి, తేలికైనవి; అవి ఎంత వేడెక్కినను ఆ వేడిమిని నిదానముగానే ఇచ్చును. ఆ పలకలు దొరకనిచోట, ఇంటి పెరటిలో కట్టుకొనువారు అగ్నినిరోధక ఇటుకనే పరచి, నేల వేడిమిని కొంత తగ్గించి కాల్చుకొనుట మేలు. ఏ ఇటుకనైనను నేలపై సున్నము లేకుండ, ఊరక ఒకదానికొకటి ఆనించి పరుపవలెను. అప్పుడే అవి వేడికి వ్యాకోచించుటకును, పగిలినదానిని తీసి మార్చుటకును వీలగును.

సిమెంటును నమ్మి చెడినవారు పెక్కుమంది. మామూలు పోర్ట్‌లాండు సిమెంటు గట్టిపడునపుడు దానిలో ఏర్పడు కాల్షియం హైడ్రాక్సైడు, 450 డిగ్రీల ప్రాంతమున నీటిని కోల్పోయి పొడిసున్నముగా మారును. పొయ్యి చల్లారిన తరువాత గాలిలోని తేమను పీల్చి మరల ఉబ్బును. ఇట్లు పలుమార్లు జరిగినచో దర్జులు విచ్చిపోవును. కావున అగ్నినిరోధక మట్టి, సున్నము, ఇసుక ప్రధానముగా గల అడుసునో, అల్యూమినా పాలు హెచ్చుగాగల ప్రత్యేకపు సిమెంటునో వాడవలెను. లోపలివైపున ఇటుకలు ఒకదానినొకటి తాకునట్లును, వెలుపలివైపున మాత్రమే అడుసు నిండునట్లును కట్టవలెను. మంటకు ఎదురుగా నిలువవలసినది ఇటుక, అడుసు కాదు.

వేడిమిని ఇటుక దాచుకొనుటకు, దానిని చుట్టినది బయటికి పోనీయకుండుట ఎంతో ముఖ్యము. గుమ్మటముపై సిరామిక్ నూలు దుప్పటిని కప్పి, దానిపై పెర్లైట్ గాని వర్మిక్యులైట్ గాని కలిపిన పూతను వేయుదురు. నేల ఇటుకల క్రిందను అట్టి తేలికపాటి పొర ఒకటి ఉండి తీరవలెను. ఈ క్రింది పొరను విడిచిపెట్టి పైకప్పును మాత్రము దట్టముగా కట్టుకొన్నవారి పొయ్యిలో, కాల్చిన కట్టెల వేడిమిలో పెద్దభాగము కాంక్రీటు దిమ్మెలోనికి దిగిపోవును. కంటికి కనబడని ఈ దోషమును తరువాత దిద్దుట అసాధ్యము.

కట్టుట ముగిసిన పిదప సహనమునకు అసలు పరీక్ష. ఇటుకలోను అడుసులోను నిలిచిన నీరు ఆవిరియైనచో సుమారు 1,700 రెట్లు వ్యాకోచించును. మొదటినాడే పెద్దమంట వేసినచో ఆ ఆవిరి వెలుపలికి దారి లేక ఇటుకను చీల్చును. కనుక కొన్ని దినములు నీడను ఆరనిచ్చి, ఆ తరువాత వారము దినములు చిన్న మంటలతో, దినదినమును కొంచెము కొంచెముగా వేడిమిని హెచ్చించుచు పోవలెను. తొందరపడినవాని పొయ్యిపై సన్నని చీలికలు జీవితాంతము నిలిచియుండును.

ఇటుక బాగుగ ఎండిన తరువాత పొయ్యిని వెలిగించు తీరు చూడముచ్చటైనది. బాగుగ ఎండిన ఓకు, బీచి వంటి గట్టికట్టెలతో నడుమ మంట వేయగనే గుమ్మటమంతయు మసితో నల్లబడును. గంటకు పైగా కాలిన పిమ్మట ఇటుక వేడిమికి ఆ మసియే కాలిపోయి, లోకప్పు మరల తెల్లబారును. ఇదియే పొయ్యి సిద్ధమైనదనుటకు గుర్తు; ఏ ఉష్ణమాపకమును అక్కరలేదు. అప్పుడు నిప్పులను ఒక ప్రక్కకు త్రోసి, నేలను తడిగుడ్డతో తుడిచి, పొడుగుపిడి చెక్కపారతో రొట్టెను లోనికి జార్చుదురు. నేల అడుగును కాల్చును, గుమ్మటము పైభాగమును కాల్చును, ప్రక్కమంట అంచును పొంగించును.

అట్టి పొయ్యి ముందు మనుష్యులు నిలుచుటకు తగిన చపటా వలయును. పొయ్యి బరువు తరచుగా ఒక టన్నునకు మించును. దాని పునాది వేరు, చపటా వేరు ఉండవలెను, లేనిచో ఒకటి దిగినపుడు రెండవది పగులును. చపటాకై మెత్తని పైమన్నును తీసివేసి, నాలుగారు అంగుళముల మందమున కంకర పోసి దిమ్మిస కొట్టి, దానిపై ఒక అంగుళము ఇసుకను మట్టము చేసి, ఇటుకలను చేపముల్లు వరుసలో పరచుట శ్రేష్ఠము. రోము నగరమున ట్రాజన్ అంగళ్లలో నేటికిని ఆ వరుసతో పరచిన నేలలు కలవు. ఒక ఇటుకపై పడిన బరువును చుట్టుపట్ల ఇటుకలు పంచుకొనుటయు, పక్కకు జరుగకుండ ఒకదానినొకటి పట్టియుండుటయు దాని బలము. 50 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇచ్చి, అంచులను అడుసుతో బిగించి, దర్జులలో సన్నని ఇసుకను చిమ్మి ఊడ్చినచో, వాననీరు నిలువదు, ఇటుక కదలదు.

ఇటుక పొయ్యిని అమెరికా పెరళ్లలోనికి తెచ్చినవారిలో ఆలన్ స్కాట్ ముఖ్యుడు. ఆస్ట్రేలియాలో జన్మించి కాలిఫోర్నియాలో స్థిరపడిన ఈ కమ్మరి, 1999లో డేనియల్ వింగుతో కలిసి రొట్టెల పొయ్యిలపై గ్రంథమును వెలువరించెను. ఆయన పొయ్యి గుమ్మటము కాదు, పొడవైన కమాను కప్పు గలది. ఎక్కువ ఇటుక, ఎక్కువ సమయము కోరును గాని, మంట తీసిన తరువాత గంటల తరబడి రొట్టెలు కాల్చుటకు మిక్కిలి అనువైనది. గుమ్మటపు పొయ్యికిని ఆ గుణము కొంత కలదు: రాత్రి పిజ్జాలు కాల్చి, నోటికి మూత పెట్టినచో, మరునాడు ఉదయము రొట్టెలను, మధ్యాహ్నము మట్టిపాత్రలో చిక్కుళ్లను వండి, సాయంకాలము పండ్లను ఎండబెట్టుకొనవచ్చును. ఒక్క మోపు కట్టెలతో రెండు దినముల వంట జరుగు ఉపాయము నేటి వంటిండ్లలో వేరొకటి నాకు కనబడదు.

కట్టెల భట్టీలు తెలుగుదేశమునకు కొత్తవి కావు. హైదరాబాదు పాతనగరపు ఇరానీ బేకరీలలో అవి తరములు మండినవి. గానుగ సున్నముతో కమానులు తిప్పిన తాపీ మేస్త్రీల సంతతియు పూర్తిగా అంతరింపలేదు. కావున పెరటిలో చోటుండి ఇట్టి పొయ్యిని కోరు పాఠకులారా, కర్మాగారమున పోతపోసిన గుల్లను కొనుటకు ముందు, ఇటుక కమాను తిప్పనెరిగిన వృద్ధ మేస్త్రీని ఒకనిని వెదకి, నోటి కొలతను, నేల క్రింది పొరను, ఆరబెట్టవలసిన దినములను ఆయనకు విడమరచి చెప్పి, పనిని ఆయన చేతికి అప్పగింపుడు; ఆయన ప్రక్కన ఒక పడుచువానిని సహాయకునిగా నిలుపుడు.