గ్రహాల కూటమి: గణితమెంత, ఫలమెంత?

కోనసీమలో మాకు తెలిసిన ఒక ఇంట పెళ్ళి సంబంధం నిశ్చయతాంబూలాల దాకా వచ్చి ఆగిపోయింది. పిల్ల చదువుకొన్నది, ఇరుపక్షాలకూ సంబంధం నచ్చింది. కాని పిల్ల జాతకంలో సప్తమస్థానాన శని, కుజుడు కలిసి ఉన్నారనీ, ఆ కూటమి దాంపత్యానికి కీడనీ జ్యోతిష్కుడు చెప్పాడు. మగపెళ్ళివారు మళ్ళీ కబురు పంపలేదు. పిల్ల తమ్ముడు తొమ్మిదవ తరగతి విద్యార్థి. "మాస్టారూ, ఆ రెండు గ్రహాలూ నిజంగా కలిశాయా?" అని అడిగాడు. ఈ ప్రశ్నను దాటవేయడం సైన్సు ఉపాధ్యాయునికి తగదు.

జ్యోతిషంలో గణితభాగమని, ఫలభాగమని రెండున్నవి. ఏ దినాన ఏ గ్రహం ఆకాశంలో ఎక్కడ ఉంటుందో తెలిపేది మొదటిది. ఆర్యభటుని వంటి మన పూర్వులు ఎంతో శ్రమించి దీనిని పెంపొందించారు. దీనిలోని తప్పొప్పులను ఎవరైనా దూరదర్శినితో సరిచూచుకొనవచ్చును. ఆ స్థానాలను బట్టి పెళ్ళి, ఉద్యోగం, ఆయుర్దాయం చెప్పేది రెండవది. మొదటిదానికున్న పరువును రెండవది అరువు తెచ్చుకొంటున్నది. మా ఆక్షేపణ అంతా ఇక్కడనే.

గ్రహాలు కలిశాయంటే, భూమి నుండి చూచేవారికి ఒకే దిక్కున కనిపించాయని మాత్రమే అర్థం. సూర్యుని నుండి కుజుడు సగటున సుమారు 23 కోట్ల కిలోమీటర్ల దూరాన, శని సుమారు 143 కోట్ల కిలోమీటర్ల దూరాన తిరుగుతున్నారు. రాజమహేంద్రవరం గట్టున నిలబడితే నడిగోదావరిలోని పడవ, ఆవల కొవ్వూరు వైపున ఉన్న చెట్టు ఒకే వరుసలో కనిపించవచ్చును. అంతమాత్రాన పడవ చెట్టుకు తగిలినట్లు కాదు.

పైగా జాతకచక్రంలో కూటమి అంటే సాధారణంగా ఒకే గడిలో ఉండడం. ఒక్కొక్క గడి 30 డిగ్రీల రాశి. 2022లో ఏమి జరిగినదో చూడండి. నిరయన గణితం ప్రకారం ఫిబ్రవరి 26న కుజుడు మకరంలో ప్రవేశించాడు. శని అప్పటికే ఆ రాశి చివరి భాగంలో ఉన్నాడు. ఇద్దరి మధ్య సుమారు 24 డిగ్రీల ఎడమున్నా చక్రంలో అది కూటమియే. ఏప్రిల్ 8 నాటికి ఎడం సుమారు 2 డిగ్రీలు మాత్రమే. కాని కుజుడు గీత దాటి కుంభంలో అడుగుపెట్టాడు. కనుక గడిని మాత్రమే చూచేవారికి ఆనాడు పుట్టిన బిడ్డకు కూటమి లేదు! దూరంగా ఉన్నప్పుడు పట్టుకొని, దగ్గరైనప్పుడు విడిచిపెట్టే ఈ ప్రభావం ఎటువంటిది?

ఇక లెక్కకు వద్దాము. శనికుజులు సుమారు రెండేండ్లకొకసారి కలుస్తారు. ఒకే రాశిలో ఆరేడు వారాలు ఉంటారనుకొందాము. అనగా సుమారు పదహారుమందిలో ఒకరికి ఈ కూటమి ఉంటుంది. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది కాబట్టి అది సప్తమంలో పడడం పన్నెండింట ఒక వంతు. రెండూ హెచ్చిస్తే సుమారు 200 మందిలో ఒకరు. 2011 జనగణన ప్రకారం ఉభయగోదావరి జిల్లాల జనాభా సుమారు 91 లక్షలు. ఈ లెక్కన 45 వేలమందికి అదే కీడు రాసిపెట్టి ఉండాలి. వారందరి సంసారాలను విచారించి, తక్కినవారి సంసారాలతో పోల్చి చూచిన తరువాతనే ఈ మాట చెప్పారా?

అసలు కూటమి లేని జాతకమే అరుదు. తొమ్మిది పేర్లను పన్నెండు గడులలో యథేచ్ఛగా వేస్తే, ప్రతిదీ విడిగా పడే అవకాశం నూటికి రెండు కన్న తక్కువ. పై తరగతి విద్యార్థులచేత ఈ లెక్క చేయించవచ్చును.

ఒక్కొక్కప్పుడు ఈ భయం దేశాన్నంతా పట్టుకొంటుంది. 1962 ఫిబ్రవరి 3-5 తేదీలలో మకరరాశిలో అష్టగ్రహకూటమి వచ్చినదని, ప్రళయం తప్పదని, ఎన్నోచోట్ల యజ్ఞాలు చేశారు. ఆ ఎనిమిదింటినీ విడదీసి చూడండి. 5వ తేదీన సూర్యగ్రహణం. గ్రహణమంటేనే సూర్యచంద్రులు రాహువు దగ్గరనో కేతువు దగ్గరనో చేరడం. రాహుకేతువులు గోళాలు కావు. సూర్యచంద్రుల మార్గాలు ఖండించుకొనే బిందువులు. కనుక ఒక్క గ్రహణంతోనే మూడు పేర్లు లెక్కలో చేరినవి. బుధుడు సూర్యునికి 28 డిగ్రీలను, శుక్రుడు 47 డిగ్రీలను మించి ఎన్నడూ ఎడం కారు. ఇక కలిసిరావలసినవి కుజ, గురు, శనులు మూడే. అరుదైన దృశ్యమే గాని, అద్భుతం కాదు. ప్రళయం రాలేదు. అక్టోబరు 20న చైనాతో యుద్ధం మొదలుకాగా, ఇదే ఆ ఫలమన్నవారున్నారు. ఎనిమిదిన్నర నెలల తరువాతి సంఘటన కూడా ఖాతాలో వేసుకొంటే తప్పిపోయే జోస్యమే ఉండదు.

ఫలభాగాన్ని పరీక్షించినవారు లేకపోలేదు. ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్, ఆయన సహచరులు మహారాష్ట్రలో చేసిన పరీక్షను 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. చదువులో చురుకైన పిల్లల జాతకాలు 100, మానసికమైన ఎదుగుదల లేని పిల్లల జాతకాలు 100 సేకరించారు. 27 మంది జ్యోతిష్కులకు తలా 40 ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. ఒప్పు సమాధానాలు నూటికి 46. నాణెం ఎగురవేసి చెప్పినా 50 వస్తుంది. ఇది పెళ్ళిళ్ళ పరీక్ష కాదు, నిజమే. కాని ఇంత స్పష్టమైన భేదాన్ని చూపలేని చక్రం, ఇంకా జరగని కాపురాన్ని చూపుతుందని ఎట్లా నమ్మడం?

1874లో వివేకవర్ధని స్థాపించిన వీరేశలింగంగారు, ధవళేశ్వరం నేపథ్యంగా వ్రాసిన రాజశేఖర చరిత్రలో ఇటువంటి నమ్మకాలనే దుయ్యబట్టారు. వారి ఊరి వారసులమైన మనం ఆ పని విడువరాదు. పెద్దలను ఎగతాళి చేయనక్కరలేదు. పిల్లలకు సాయంకాలపు ఆకాశంలో గ్రహాలను చూపి, పంచాంగంలోని స్థానంతో పోల్చమంటే చాలును. గణితం ఎక్కడ ముగుస్తున్నదో, ఊహ ఎక్కడ మొదలవుతున్నదో వారే తెలిసికొంటారు.

ఆ కుర్రవానికి నేను చెప్పిన సమాధానం ఇది: "మీ అక్క పుట్టిన రోజులలో ఆ రెండు గ్రహాలూ ఒకే వైపున కనిపించాయి, బాబూ. లెక్క నిజమే. మీ అక్కను గూర్చి మాత్రం ఆ లెక్కలో ఏమీ లేదు."