మధ్యలో పెట్టె లేకుండా

మా ఇంటికి పాటలు వినడానికి వచ్చిన మిత్రులు మొదట వెతికేది ప్రీయాంప్లిఫయర్ కోసమే. సీడీ ప్లేయర్ కనబడుతుంది, పవర్ యాంప్ కనబడుతుంది, స్పీకర్లు సరేసరి. సెలెక్టర్ స్విచ్చు, బాస్, ట్రెబుల్ నాబ్‌లతో మధ్యలో ఉండాల్సిన పెట్టె మాత్రం ఉండదు. ఆ చోట అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా ఒకటి, దానికో నాబ్. లోపల ఉన్నది 10 కిలో ఓమ్‌ల స్టీరియో పొటెన్షియోమీటర్ (పాట్) ఒక్కటే. కరెంటు వైరు కూడా లేదు. ఆ పాట్ కొన్న కోఠి గుజరాతీ గల్లీ దుకాణంలో కుర్రాడు, "పవర్ ఇయ్యకుండ ఎట్ల పనిచేస్తది సార్?" అని అడిగాడు. సరైన ప్రశ్న. ఈ డబ్బా సౌండు పెంచదు, తగ్గిస్తుంది. ఇంట్లో మనకు కావలసిన పని అదే.

లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. సీడీ ప్లేయర్ పూర్తి స్థాయిలో ఇచ్చేది సుమారు 2 వోల్టులు. 26 డెసిబెల్‌ల గెయిన్ ఉన్న పవర్ యాంప్ తనకు అందినదాన్ని 20 రెట్లు చేస్తుంది. 1 వోల్టు అందితే 20 వోల్టులు బయటికి వస్తాయి. 8 ఓమ్‌ల స్పీకర్ మీద అది 50 వాట్లు. మా యాంప్ శక్తి అంతే. అంటే సీడీ ప్లేయర్ ఇచ్చేదాంట్లో సగంతోనే యాంప్ చివరి అంచుకు చేరుతుంది. హాల్లో కూర్చుని వినేటప్పుడు సగటున 1 వాటు కూడా ఖర్చు కాదు. ఆ 1 వాటు కావాలంటే యాంప్ ముందుకు 0.14 వోల్టు వస్తే చాలు. 2 వోల్టుల్లో అది పద్నాలుగో వంతు.

ప్రీయాంప్ ఉన్న ఇంట్లో ఏమవుతుందో చూడండి. వచ్చిన సిగ్నల్‌ను ముందు నాబ్ దగ్గర బాగా కోసేస్తారు. కోసినదాన్ని ఆ వెనకున్న దశ మళ్లీ నాలుగైదు రెట్లు పెంచుతుంది. పెంచినందుకు ఇంకా కొంచెం ఎక్కువ కోయాలి. ఈ పెంపులో ఆ దశ సొంత నాయిస్ కూడా కలుస్తుంది, నాబ్ ఎంత తగ్గించినా అది తగ్గదు. అవసరం లేని పనికి ఒక పవర్ సప్లై, రెండు కనెక్టర్లు, మరో జత కేబుళ్లు. ఈ ఖర్చు నాకు మింగుడుపడలేదు.

అలాగని ప్రీయాంప్ పనికిమాలిన వస్తువని నేను అనను. అది రికార్డుల కాలం కన్న బిడ్డ. గ్రామఫోన్ పిన్ను పైనుండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులకు అటూ ఇటూ. మూవింగ్ కాయిల్ అయితే అర మిల్లీవోల్టు కూడా కష్టమే. పైగా 1954 నాటికి స్థిరపడిన ఆర్ఐఏఏ పద్ధతి ప్రకారం రికార్డు మీద బాస్‌ను తగ్గించి, ట్రెబుల్‌ను పెంచి గాడి కోస్తారు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి: 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్‌లు పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. 1967లో ఇంగ్లండులో క్వాడ్ కంపెనీ తెచ్చిన 33 మోడల్ ప్రీయాంప్‌లో డిస్కుకూ టేపుకూ తీసి పెట్టుకునే చిన్న బోర్డులు ఉండేవి, కార్ట్రిడ్జ్‌ను బట్టి, టేపు డెక్‌ను బట్టి మార్చుకోవడానికి. అంత పని చేసే పెట్టెకు అంత గౌరవం న్యాయమే. 1982లో జపాన్‌లో సీడీ ప్లేయర్ అమ్మకానికి వచ్చాక, 2 వోల్టులు నేరుగా చేతికొచ్చాక, ఆ పనుల్లో చాలా భాగం ఎగిరిపోయింది. పెట్టె మాత్రం అలవాటుగా మిగిలింది.

ఘంటసాల భగవద్గీత ఎల్పీని ఇప్పటికీ పిన్ను పెట్టి వినేవాళ్లకు ఈ మాట వర్తించదు. రికార్డు సిగ్నల్‌ను పెంచి సరిదిద్దే ఫోనో స్టేజ్ లేనిదే ఆ గొంతు బయటికి రాదు. వాళ్లు కూడా ఫోనో స్టేజ్‌ను విడిగా పెట్టుకుని, అది ఇచ్చే స్థాయి సరిపోతే, మిగతా ప్రీయాంప్‌ను వదులుకోవచ్చు.

ఇక అసలు చిక్కు. పాట్ ఒక్కదానితో నడిపేటప్పుడు ప్రతి ఓమూ, ప్రతి అడుగు కేబులూ లెక్కలోకి వస్తాయి. సౌండు సగం వోల్టేజీకి తగ్గించినప్పుడు పాట్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ దాని విలువలో నాలుగో వంతు అవుతుంది. 50 కిలో ఓమ్‌ల పాట్ అయితే 12.5 కిలో ఓమ్‌లు. షీల్డు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుందనుకుంటే 5 మీటర్లకు 500. ఈ రెండూ కలిసి 25 కిలోహెర్ట్జ్ దగ్గరే సిగ్నల్‌ను 3 డెసిబెల్‌లు దించేస్తాయి. 20 కిలోహెర్ట్జ్ దగ్గర అప్పటికే 2 డెసిబెల్‌లు పోతాయి. తాళాల మెరుపు, వయొలిన్ కమాను ఒరిపిడి మసకబారేది అక్కడే. 10 కిలో ఓమ్‌ల పాట్ పెట్టి, కేబుల్‌ను అర మీటరుకు కుదిస్తే ఆ హద్దు వినికిడికి అందనంత పైకి పోతుంది. ఇలా పవర్ లేని పాసివ్ పద్ధతిలో సంగీతం చప్పబడిపోతుందని ఫిర్యాదు చేసేవాళ్లను నేను కొట్టిపారేయను. చాలాసార్లు అక్కడ కేబుల్ పొడుగ్గా ఉంటుంది, లేదా పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ మరీ తక్కువ ఉంటుంది. పాట్ విలువకు కనీసం నాలుగైదు రెట్లు ఉంటే నాకు నిశ్చింత. కేబుల్ పొడుగు తప్పనివాళ్లకు మధ్యేమార్గం ఉంది: గెయిన్ లేని బఫర్. అమెరికాలో యాంప్లిఫయర్ల రూపకర్త నెల్సన్ పాస్ 2008లో బీ1 పేరుతో అలాంటి దాని సర్క్యూట్‌ను అందరూ కట్టుకునేలా బయటపెట్టాడు. అది వోల్టేజీని పెంచదు, కేబుల్‌ను మోసే బలాన్ని ఇస్తుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. చవక పాట్‌లలో కుడి, ఎడమ ట్రాకులు నాబ్ మొదటి పావు భాగంలో సమంగా ఉండవు. యాంప్ గెయిన్ ఎక్కువై నాబ్ ఎప్పుడూ అక్కడే తిరుగుతుంటే బాలమురళీకృష్ణ గొంతు మధ్యలోంచి ఒక పక్కకు జరిగిపోతుంది. నాబ్ సగం దాకా తిరిగేలా ముందే రెసిస్టర్లతో 10 డెసిబెల్‌లు కోసి పెట్టడం దీనికి మందు. అందుకు అయ్యే ఖర్చు అత్యల్పం, ఫలితం మాత్రం ఎవరి చెవికైనా తెలుస్తుంది.

పాట్ కూడా మానేసి, డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చే డాక్‌లోని డిజిటల్ వాల్యూమ్‌తోనే నడిపేవాళ్లు ఇప్పుడు ఎక్కువ. ప్రతి 6 డెసిబెల్‌ల తగ్గింపుకూ ఒక బిట్ పోతుందన్న భయం 24, 32 బిట్‌ల కాలంలో పెద్దది కాదు. నా భయం వేరు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యో, సెట్టింగు చెరిగిపోయో వాల్యూమ్ నూటికి నూరు పడిందంటే యాంప్ మొత్తం శక్తి ట్వీటర్ మీదికి దూకుతుంది. చేత్తో తిప్పే నాబ్‌కు ఆ ప్రమాదం లేదు. అందుకే నేను ఆ దారి పట్టలేదు.

వినికిడిలో తేడా ఎంత? నా చెవులు చెప్పేది చెబుతాను. చిట్టిబాబు వీణలో మీటు పడ్డాక గమకం సాగి సాగి సన్నబడే చోట, ఆ చివరి కొస ఇదివరకటికంటే కాస్త దూరం వినిపిస్తుంది. దాని వెనక ఉండే సన్నని హిస్ తగ్గినందువల్లనే అది. అంతకుమించి అద్భుతాలేవీ లేవు. పోగొట్టుకున్నదీ ఉంది. పాత సినిమా పాటల సీడీల్లో కొన్ని పల్చగా, కీచుగా ఉంటాయి. బాస్ నాబ్ ఉంటే బాగుండుననిపిస్తుంది. సౌండు మార్చాలంటే కుర్చీలోంచి లేవాలి. ఇంట్లో రెండు మూడు సోర్సులు ఉన్నవాళ్లకు, రిమోట్ వదల్లేనివాళ్లకు నేను ఈ పద్ధతి చెప్పను.

మీకు ఒకే సీడీ ప్లేయరో, డాకో ఉండి, పవర్ యాంప్ పక్కనే ఉంటే, ప్రీయాంప్‌కు డబ్బు పెట్టేముందు 10 కిలో ఓమ్‌ల లాగ్ పాట్ ఒకటి తెచ్చి డబ్బాలో బిగించి వినండి. ఆన్ చేసేటప్పుడు పవర్ యాంప్ చివర, ఆపేటప్పుడు అదే ముందు. మొదటిసారి పాట పెట్టేముందు నాబ్ సున్నా మీద ఉందో లేదో చూసుకోవడం మరవకండి.